కొండ ఒక్కటి, చెరువులు రెండు

పోయిన నెల ఈ శీర్షికలో ఒకరు "ఊరి నడుమ అడవి ఉన్న చోటు మన దేశంలో ఎక్కడైనా ఉందా టీచరమ్మా?" అని అడిగారు. భోపాల్లో పెద్ద చెరువుకీ చిన్న చెరువుకీ మధ్య శ్యామలా కొండ ఉందని నాలుగు ముక్కల్లో చెప్పి వదిలేశాను. నేను వదిలేశాను గానీ మీరు వదల్లేదు. కవర్లు, కార్డులు, మా మనవరాలి ఫోన్లో వాట్సాప్‌లు. ముప్పై ఏళ్ళు ఆ ఊళ్ళో పిల్లలకి భూగోళం చెప్పినదాన్ని, కొండ పేరెత్తితే నాకూ ఆగదు. అందుకే ఈసారి శీర్షిక అంతా ఆ కొండకే ఇచ్చేస్తున్నాను. వంటింటి చిట్కాలు అడిగినవాళ్ళు ఒక్క నెల ఓపిక పట్టండి.

*

"రెండు చెరువులూ భోజరాజు తవ్వించినవే అని రాశారు. నేను భోపాల్ బీహెచ్ఈఎల్‌లో 34 ఏళ్ళు పనిచేశాను. చిన్న చెరువు నవాబుల కాలంది. సరిచేయగలరు."
– రిటైర్డ్ ఫోర్‌మన్, విజయవాడ

తప్పేనండీ. మావారు కూడా మీ ఫ్యాక్టరీలోనే పనిచేశారు. పత్రిక రాగానే చదివి మీరన్న మాటే అన్నారు. నేనే ఒప్పుకోలేదు. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఒప్పేసుకుంటున్నాను.

పెద్ద చెరువు, అంటే బడా తాలాబ్, 11వ శతాబ్దంలో మాళవాన్ని ఏలిన పరమార భోజుడిది. ఛోటా తాలాబ్ 1794 నాటిది. నవాబ్ హయాత్ మహమ్మద్ ఖాన్ దగ్గర మంత్రిగా ఉన్న ఛోటే ఖాన్ కట్టించాడు. రెండింటికీ మధ్య ఏడు వందల ఏళ్ళకు పైగా తేడా ఉంది.

"తవ్వించాడు" అన్నది నా రెండో తప్పు. దాన్ని మీరు పట్టుకోలేదు, నేనే పట్టిస్తున్నాను. చెరువులు తవ్వరు, కడతారు. మన పాకాల చూడండి, రామప్ప చెరువు చూడండి. రెండు గుట్టల మధ్య సందు చూసి అక్కడ కట్ట పోస్తే, వెనకాల నీళ్ళు తమంతట తామే నిలుస్తాయి. కాకతీయులు 13వ శతాబ్దంలో చేసిన పనే భోజుడు అంతకు రెండు వందల ఏళ్ళ ముందు అక్కడ చేశాడు. సీహోర్ వైపు నుంచి కోలాన్స్ అనే ఏరు తూర్పుకి వచ్చేది. దారిలో ఒకచోట దక్షిణాన శ్యామలా కొండ, ఉత్తరాన ఇప్పుడు పాతబస్తీ ఉన్న మెరక, మధ్యలో ఇరుకు సందు. ఆ సందులో మట్టికట్ట వేశాడు. కట్ట చిన్నదే. దాని వెనక నిలిచిన నీళ్ళు 31 చదరపు కిలోమీటర్లు. చెరువుని నిలబెట్టింది కట్ట ఒక్కటే కాదు, కొండ కూడా. కొండ లేకపోతే భోజుడు ఎన్ని మైళ్ళ కట్ట పోయాల్సి వచ్చేదో!

మీరు సైకిల్ మీద వెళ్ళే ఉంటారు, ఇప్పుడు కమలా పార్క్ అంటున్న తోట ఆ కట్ట మీదిదే. తోటలో బఠాణీలు నములుతూ కూర్చునేవాళ్ళకి తాము వెయ్యేళ్ళ కట్ట మీద కూర్చున్నామని గుర్తుండదు. నాకూ మొదటి రెండేళ్ళు తెలీదు.

*

"కట్టకి అటూ ఇటూ నీళ్ళే ఉంటే, కట్ట ఎందుకు? రెండూ ఒకే చెరువు కదా?"
– బి.ఇడి. విద్యార్థిని, కాజీపేట

మ్యాపు చూస్తే అలాగే అనిపిస్తుందమ్మా. మ్యాపులో ఎత్తు కనపడదు, అదే చిక్కు. పెద్ద చెరువు నీటిమట్టం పైన, చిన్న చెరువు కింద. పెద్ద చెరువు నిండుమట్టం 1666.80 అడుగులు. ఆ అంకె భోపాల్లో రిక్షా తొక్కేవాడికి కూడా నోటికొచ్చు. శ్రావణ భాద్రపదాల్లో పొద్దున్నే పేపర్లో "ఇంకా ఎంత తక్కువ?" అనే చూసుకుంటారు. మన దగ్గర శ్రీశైలం గేట్లు ఎత్తారా అని చూసుకున్నట్టే.

చిన్న చెరువు కట్టకి దిగువన ఉంది. పెద్ద చెరువు నుంచి ఊరే ఊట, చుట్టూ వాలు మీద పడ్డ వాన, ఊరి మురుగు, ఇవే దాని రాబడి. దాని పరివాహకం 9.6 చదరపు కిలోమీటర్లు, పెద్దదానికి 361. పెద్ద చెరువు నీళ్ళు ఊరు తాగుతుంది. తర్వాత కాలంలో కోలార్ డ్యామ్, నర్మద నీళ్ళు తోడయ్యాయి గానీ మేము వెళ్ళిన కొత్తల్లో చెరువు నీళ్ళే దిక్కు. చిన్న చెరువు నీళ్ళు ఎవరూ తాగరు, చాకిరేవులు అక్కడే ఉండేవి.

నువ్వు రేపు టీచరువి అవుతావు కాబట్టి, నేను పాఠం ఎలా చెప్పేదాన్నో చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లల్ని కొండ నడినెత్తిన వెళ్ళే రోడ్డు మీదకి తీసుకెళ్ళేదాన్ని. ఒక పిల్ల చేత వాటర్ బాటిల్ మూత తీయించి, రోడ్డు ఉబ్బెత్తుగా ఉన్నచోట నీళ్ళు పోయమనేదాన్ని. నీళ్ళు కాసేపు ఎటూ తేల్చుకోలేనట్టు నిలబడి, తర్వాత రెండు పాయలుగా విడిపోయేవి. ఒక పాయ పడమటి వాలుకి, ఒకటి తూర్పు వాలుకి. "పడమటి పాయ ఎక్కడికి పోతుంది?" "బడా తాలాబ్ కి మేమ్!" "తర్వాత?" అక్కడ క్లాసంతా మౌనం.

తర్వాత ఇదీ. పెద్ద చెరువు నిండితే నీళ్ళు కమలా పార్క్ కట్ట దగ్గర పొర్లవు. ఆగ్నేయ మూలన భద్‌భదా అనే చోట దాని అలుగు ఉంది. పేరు వింటేనే నీళ్ళు దభదభా పడుతున్నట్టు ఉంటుంది. 1965 నాటికి అక్కడ 11 గేట్ల ఆనకట్ట కట్టారు. అక్కడ దూకిన నీళ్ళు కలియాసోత్ నదిగా దక్షిణానికి పోయి, భోజ్‌పూర్ దగ్గర బేత్వాలో కలుస్తాయి. తూర్పు పాయ చిన్న చెరువులోకి దిగి, పుల్ పుఖ్తా వంతెన కింద నుంచి పాత్రా వాగులో పడి, ఉత్తరానికి హలాలీ నదిలోకి పోతుంది. హలాలీ వెళ్ళి విదిశ దగ్గర కలిసేది కూడా బేత్వాలోనే. కొండ నెత్తిన విడిపోయిన ఒకే బాటిల్ నీళ్ళు, ఒకటి దక్షిణం నుంచి ఒకటి ఉత్తరం నుంచి చుట్టు తిరిగి, మళ్ళీ ఒకే నదిలో కలుస్తాయి. అక్కణ్ణుంచి యమున, గంగ.

ఇది చెప్పినప్పుడు ఒక పిల్లవాడు, "మరి విడిపోవడం ఎందుకు మేమ్?" అన్నాడు. భోజుడికి ముందు విడిపోలేదు. అప్పుడు కోలాన్స్ నీళ్ళన్నీ ఆ ఇరుకు సందులోంచి నేరుగా హలాలీకే పోయేవి. కట్ట వేశాక దారి లేక, కొండ చుట్టూ తిరిగి దక్షిణాన దారి చూసుకున్నాయి. ఒక నది దారి మారిపోవడానికి ఒక్క మట్టికట్ట చాలింది. నీ పిల్లలకి ఈ ఒక్క పాఠం సరిగ్గా చెప్పావంటే మిగతా నదుల చాప్టరు వాళ్ళే చదువుకుంటారు.

*

"మా అబ్బాయి పుస్తకంలో, భోజుడి చెరువుని హోషంగ్ షా అనే సుల్తాను తెగ్గొట్టించాడని ఉంది. మరి భోపాల్ చెరువు ఇంకా ఎలా ఉందండీ?"
– ఒక గృహిణి, తెనాలి

మీ అబ్బాయి పుస్తకంలో ఉన్నదీ నిజమే, భోపాల్ చెరువు ఉన్నదీ నిజమే. తెగింది వేరే చెరువు. భోపాల్‌కి సుమారు 28 కిలోమీటర్ల దూరంలో భోజ్‌పూర్ ఉంది. పూర్తికాని పెద్ద శివాలయం అక్కడిదే. ఆ గుడి దగ్గర బేత్వాకి అడ్డంగా భోజుడు ఇంకా పెద్ద చెరువు కట్టాడు. 15వ శతాబ్దంలో మాళవ సుల్తాను హోషంగ్ షా దాన్ని తెగ్గొట్టించాడు. ఆ చెరువు నేల ఇప్పుడు గోధుమ పొలాలు.

దాని గురించి గోండులు చెప్పుకునే కథ ఒకటుంది. కట్ట కొట్టడానికి ఒక సైన్యానికి మూడు నెలలు పట్టిందట, నీళ్ళు పోవడానికి మూడేళ్ళు పట్టిందట, ఆ నేల మీద మనిషి కాపురం ఉండటానికి ముప్పై ఏళ్ళు పట్టిందట. మూడు, మూడు, ముప్పై. లెక్క మరీ అందంగా ఉంది కాబట్టి నేను నమ్మను గానీ, క్లాసులో మాత్రం ప్రతి ఏడూ చెప్పేదాన్ని.

దానికి ముందు కథ కూడా ఉంది. భోజుడికి చర్మవ్యాధి వచ్చిందట. 365 ధారలు కలిసే చెరువు కట్టి అందులో స్నానం చేస్తే పోతుందని ఒక సాధువు చెప్పాడట. వెతికితే ధారలు కొన్ని తక్కువొచ్చాయి. అప్పుడు కాలియా అనే గోండు నాయకుడు ఎవరికీ కనపడని ఒక ఏరు చూపించి లెక్క సరిపెట్టాడు. అదే కలియాసోత్. సోత్ అంటే ఊట. మహారాజు ఇంజనీర్లకి దొరకని నీటి దారి ఆ అడవిలో పుట్టిన మనిషికి తెలుసు అన్న ముక్క వరకు నాకు ఇష్టం.

ఇంకోటి. మనవాళ్ళు భోజుడు అనగానే పక్కన కాళిదాసుని కూర్చోబెడతారు. కాళిదాసు అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందటివాడు. ఇద్దరూ ఒకే సభలో కూర్చున్నది మన చాటుకథల్లోనే.

*

"మాది జయశంకర్ భూపాలపల్లి. మా ఊరి పేరుకీ భోపాల్‌కీ ఏమైనా చుట్టరికం ఉందా?"
– సింగరేణి కార్మికుడు

చుట్టరికం పేరు పోలిక వరకే. భూపాలుడు అంటే రాజు, అది మీకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. భోపాల్ అనేది భూపాల్ నుంచే వచ్చిందని కొందరంటారు. భోజ్‌పాల్ నుంచి వచ్చిందని ఎక్కువమంది అంటారు. అక్కడ పాల్ అంటే రాజు కాదు, చెరువుకట్ట. భోజుడి కట్ట. కట్ట వల్ల బతుకుతున్న ఊరికి కట్ట పేరు ఉండటమే న్యాయమని నేను రెండో పక్షం.

*

"నేను గోండు ఆడబిడ్డను. భోపాల్లో రైల్వే స్టేషన్‌కి మా రాణి పేరు పెట్టారని విన్నాను. ఆమె ఎవరు?"
– టీచరు, ఉట్నూరు

రాణి కమలాపతి. 2021 నవంబర్లో హబీబ్‌గంజ్ స్టేషన్‌కి ఆ పేరు పెట్టారు. ఆమె గిన్నౌర్‌గఢ్ గోండు రాజు నిజాం షా భార్య. 18వ శతాబ్దం మొదట్లో భర్తని దాయాదులు విషం పెట్టి చంపితే, ఆమె దోస్త్ మహమ్మద్ ఖాన్ అనే ఆఫ్ఘన్ సర్దారు సాయం అడిగింది. సాయం చేసినవాడు చివరికి రాజ్యమంతా పట్టుకున్నాడు, అతని వంశమే భోపాల్ నవాబులు. ఆమె చివరికి చెరువులోనే ప్రాణం వదిలిందని అక్కడి ఆడవాళ్ళు చెప్పుకుంటారు.

ఆమె మహల్ ఇప్పటికీ కమలా పార్క్‌లో కట్ట మీద ఉంది. పైన రెండంతస్తులే కనపడతాయి. మిగతా ఐదు అంతస్తులూ చిన్న చెరువు కట్టినప్పుడు నీళ్ళలో మునిగాయని ఊరి మాట. ఒకసారి ఆ మెట్ల మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తుంటే, ఒక ముసలాయన నా చేతిలో పొట్లం వైపు కూడా చూడకుండా, "మీరు ఆరో అంతస్తులో కూర్చున్నారు బెహన్‌జీ" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మీకు ఒక్క విషయం చెప్పాలి. మీ భాష, నా భాష అక్కాచెల్లెళ్ళు. నేను ఉత్తరాంధ్రదాన్ని, మా వైపు చిన్న కొండని మెట్ట అంటాం. మీరు గోండీలో కొండని మెట్ట అంటారు. నీళ్ళని ఏర్ అంటారు, మాకు ఏరు అంటే పారే నీళ్ళు. హిందీ తప్ప మరోటి వినపడని ఊళ్ళో, మండ్లా నుంచి వచ్చిన ఒక గోండు ఆవిడ మా క్వార్టర్ వాకిట్లో కూర్చుని ఈ రెండు మాటలూ అన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మెట్ట, ఏరు. ఆ కొండకీ ఆ చెరువులకీ అంతకన్నా ఏం పేర్లు కావాలి?

కొండ మీద భారత్ భవన్ అనే కళల కేంద్రం ఉంది, 1982లో తెరిచారు. ఆర్కిటెక్టు ఛార్లెస్ కొరియా కట్టిన తీరు చూడాలి. రోడ్డు మీద నిలబడితే భవనమే కనపడదు. కొండ వాలుని మెట్లు మెట్లుగా వాడుకుని, కిందికి చెరువు వైపు దిగిపోతుంది. పటన్‌గఢ్ నుంచి వచ్చిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే గోండు యువకుడు గోడల మీద వేసే బొమ్మలు కాగితం మీదకి తెచ్చింది అక్కడే. ఇప్పుడు గోండు చిత్రకళ అంటూ మనం షాపుల్లో కొంటున్నదంతా ఆ చుక్కల, గీతల వరస నుంచి వచ్చిందే. మీరు వెళితే 2013లో తెరిచిన గిరిజన మ్యూజియం కూడా అదే కొండ మీద ఉంది, వదలకండి.

*

"అమెరికాలో మాడిసన్‌లో ఉంటాం. మా ఊరు కూడా మెండోటా, మొనోనా అనే రెండు సరస్సుల మధ్యే ఉంది ఆంటీ. రెండూ ఒకటేనా?"
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

చూడటానికి ఒకటే బాబూ, పుట్టుక వేరు. మీ సరస్సుల్ని మంచుయుగపు హిమానీనదాలు చేసిపెట్టాయి. మీ యూనివర్సిటీ ఉన్న బాస్కమ్ హిల్ కూడా ఆ మంచు ఈడ్చుకొచ్చి పోగేసిన మట్టిదిబ్బే. భోపాల్లో కొండ ఎప్పటిదో, నీళ్ళు మాత్రం మనిషి నిలబెట్టినవి. మీ దగ్గర మనుషులంతా వెళ్ళిపోయినా సరస్సులు ఉంటాయి. భోపాల్లో కట్ట చూసుకునేవాళ్ళు లేకపోతే చెరువు ఉండదు.

*

"కొండ మీద ఆదిమానవుల బొమ్మలున్నాయట. నిజమేనా? వాన పడితే చెరిగిపోవా?"
– ఇంటర్ విద్యార్థి, బనగానపల్లె

నిజమే. ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయ అని, 200 ఎకరాల్లో కొండ మీద ఆరుబయట ఉన్న మ్యూజియం. ఆ ఆవరణలోనే బొమ్మలున్న రాతి గుళ్ళు ముప్పైకి పైగా ఉన్నాయి. గుళ్ళు అంటే దేవుడి గుళ్ళు కాదు, మనిషి తలదాచుకునే రాతిచూరులు. ఇలాంటి బొమ్మలకే పేరుపడ్డ భీమ్‌బేట్కా పేరు వినే ఉంటావు, 1957లో పురావస్తు శాస్త్రవేత్త వాకణ్‌కర్ గారు వెలుగులోకి తెచ్చారు, 2003లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. అదీ ఇదీ ఒకే వింధ్య ఇసకరాయి.

నువ్వు బనగానపల్లెవాడివి, పక్కనే బేలం గుహలు చూసి ఉంటావు. మీ సున్నపురాయీ, ఆ వింధ్య రాయీ రెండూ చాలా పాత సముద్రాల అడుగున పొరలు పొరలుగా పేరుకున్నవే. ఈ రాళ్ళు 60 కోట్ల ఏళ్ళ కన్నా పాతవి. శ్యామలా కొండ మీద కొన్ని పలకల మీద చెయ్యి పెడితే అలల గీతలు తగులుతాయి. ఆరిన చెరువు ఒడ్డున ఇసక ఎలా ముడతలు పడుతుందో అచ్చం అలా, రాయిలో. క్లాసులో ప్రతి పిల్ల చేతా తడిమించేదాన్ని. కొండ దిగగానే రాయి మారిపోతుంది. సుమారు 6.5 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ మీద పారిన లావా గడ్డకట్టిన నల్లరాయి, దాని మీద నల్లరేగడి.

ఇక వాన సంగతి. ఇసకరాతి పొరల్లో మెత్తవి ముందు అరిగిపోతాయి, గట్టిది పైన చూరులా మిగులుతుంది. ఆ చూరు కింద గోడ మీద వాన పడదు. రంగులు ఎక్కువగా ఎరుపు, తెలుపు. ఎరుపు మన ముగ్గులకి వాడే జాజే. ఇసకరాయి గరుకు కాబట్టి లోపలికి పీల్చుకుంటుంది. అన్ని బొమ్మలూ ఒకే కాలానివి కావు. జింక బొమ్మ మీదే కొన్ని వేల ఏళ్ళ తర్వాత ఇంకొకడు కత్తి పట్టిన రౌతుని గీసి ఉండొచ్చు. ఒకసారి ఒక బొమ్మ దగ్గర మా పిల్లలు ఇది ఎద్దు, కాదు గేదె అని కొట్టుకున్నారు. చివరికి ఊళ్ళో పాడి ఉన్న ఒక పిల్ల ముందుకొచ్చి, "మూపురం ఉంది కదా, కళ్ళు లేవా మీకు?" అంది. నేను కూడా గేదె పక్షమే అని ఎవరికీ చెప్పలేదు.

*

"ఊరు అంత పెరిగినా కొండ మీద అడవి ఎలా మిగిలింది? మా ఊళ్ళో గుట్టలన్నీ కంకర అయిపోయాయి."
– రైతు, చేవెళ్ళ

మీ ప్రశ్నకి నా దగ్గర తియ్యటి జవాబు లేదు. శ్యామలా కొండ కూడా కంకర అయ్యేదే. ఇసకరాయి మీద మట్టి పల్చన, నాగలి దిగదు కాబట్టి రైతులు దాని జోలికి రాలేదు. రాయి కొట్టేవాళ్ళు వచ్చారు. చెరువు వైపు వాలులో క్వారీలు నడిచేవి. చెరువు కనపడే స్థలం కాబట్టి ఇళ్ళ వ్యాపారుల కళ్ళూ పడ్డాయి. ప్రకృతి ప్రేమికులు గోల చేయగా చేయగా, 1983లో 445 హెక్టార్లని వన్ విహార్ నేషనల్ పార్కుగా ప్రకటించారు. ఆ ఒక్క కాగితంతో క్వారీ ఆగింది. తర్వాత అడవిని ఎవరూ నాటి పెంచింది తక్కువ, గొడ్డలి ఆపితే అదే వచ్చింది. మారేడు, తునికి, రేల, సీతాఫలం, వాటి మధ్య ఎవరూ పిలవకుండా వచ్చిన లాంటానా. ఆ సీతాఫలాల్ని పార్కులో కోయనివ్వరు, పక్షులకీ ఎలుగులకీ వదిలేస్తారు. కోయని చెట్టు కింద నిలబడి చూస్తూ రావడం పాలమూరు మనిషికైతే శిక్షే.

అందులో పులులు, సింహాలు, ఆడించేవాళ్ళ దగ్గర నుంచి విడిపించిన ఎలుగుబంట్లు పెద్ద పెద్ద ఆవరణల్లో ఉంటాయి. దుప్పులు, కణుజులు, మనుబోతులు వాటి ఇష్టానికి తిరుగుతాయి. 2002లో రెండు చెరువులూ కలిపి భోజ్ తడినేలగా రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో కాపాడుకోవాల్సిన తడినేలల జాబితాలోకి, ఎక్కాయి. చలికాలంలో చెరువు అంచు నిండా వలస బాతులు. మీ గుట్టకి కావలసింది చెట్ల పండగ కాదు సార్, అలాంటి కాగితం ఒకటి.

*

"1984 గ్యాస్ రాత్రి ఆ కొండ జనాన్ని కాపాడిందని విన్నాను."
– పేరు వద్దన్న పాఠకుడు

డిసెంబర్ 2 రాత్రి మేము పిప్లానీ క్వార్టర్లలో ఉన్నాం. మాకు తెల్లారాక తెలిసింది. యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి లీకైన ఆ వాయువు గాలి కన్నా బరువు, పల్లం పట్టుకుని పాతబస్తీ మీద పరుచుకుంది. ఎత్తుకి, శ్యామలా వైపు పరుగెత్తినవాళ్ళలో చాలామంది బతికారు. గాలి వెళ్ళే దారినే పరుగెత్తినవాళ్ళు చాలామంది బతకలేదు. ఎటు పరుగెత్తాలో చెప్పేవాళ్ళు ఆ రాత్రి ఎవరూ లేరు. నా జవాబు ఇంతే.

*

"తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ వెళుతూ ఒక్క రోజు భోపాల్లో దిగాలని ఉంది. కొండ ఎలా చూడాలి?"
– బ్యాంకు ఉద్యోగిని, నిజామాబాద్

ముందుగా, సోమవారం దిగకండి. మానవ సంగ్రహాలయ, భారత్ భవన్, గిరిజన మ్యూజియం మూడింటికీ తాళాలే. మా బంధువుల్ని ఒక టూరు ఆయన సోమవారమే తీసుకెళ్ళి, గేటు ముందు ఫోటోలు తీయించి, "కవర్ అయిపోయింది" అన్నాడు.

పొద్దున్నే బోట్ క్లబ్ వైపు ఉన్న రాము గేటు నుంచి వన్ విహార్‌లోకి వెళ్ళండి. సైకిల్ అద్దెకి దొరికితే ఇంకా మంచిది. చెరువు అంచునే ఐదు కిలోమీటర్ల రోడ్డు, అవతల చీకు గేటు దాకా. ఎడమ చేతి వైపు కొండ, కుడి చేతి వైపు నీళ్ళు. మధ్యాహ్నం సంగ్రహాలయలో దేశంలోని రకరకాల తెగల ఇళ్ళు, ఆ తెగలవాళ్ళే వచ్చి కట్టినవి, చూడండి. అందులోనే సముద్రతీర గ్రామం ఉంది. సముద్రానికి వందల మైళ్ళ దూరాన కొండ మీద పడవలు చూస్తే నవ్వొస్తుంది, కానీ వెనక చెరువు కనపడుతుంటే పర్లేదనిపిస్తుంది. ఎండ తగ్గాక భారత్ భవన్ మెట్ల మీద కూర్చోండి. చలికాలం అయితే బయట తోపుడుబండి మీద ఉడికించిన సింగాడాలు, అంటే చెరువు నీళ్ళలో కాసే కాయలు, కొనుక్కోండి. నల్లగా, కొమ్ములతో, పాడైపోయినట్టు కనపడతాయి. భయపడకుండా పెంకు ఒలవండి. లోపల తెల్లటి గుజ్జు, మన కంద కన్నా మెత్తన, పచ్చి కొబ్బరి కన్నా చప్పన. మావారికి నచ్చవు, నాకు ప్రాణం.

*

"టీచర్, ఆ కొండని తవ్వేసి రెండు చెరువులూ కలిపేస్తే ఇండియాలోనే పెద్ద చెరువు అవుతుంది కదా? నేను ఆరో తరగతి."
– రాజాం

నాయనా, పైన తెనాలి ఆంటీ ప్రశ్నలో ఒక సుల్తాను ఉన్నాడు చూడు, నీదీ అచ్చం ఆయన ఆలోచనే. పెద్ద చెరువు పైన ఉంది, చిన్న చెరువు కింద ఉంది. అడ్డం తీసేస్తే రెండూ కలిసి పెద్దవి కావు. పైది కిందకి దిగి, కిందది పొర్లి, అంతా హలాలీ నదిలోకి పోతుంది. వెయ్యేళ్ళ కిందట కోలాన్స్ పోయిన దారి అదే. నమ్మకం లేకపోతే మీ పెరట్లో మట్టితో రెండు గుంటలు చెయ్యి, ఒకటి మెట్టు పైన, ఒకటి మెట్టు కింద. మధ్యలో మట్టిగోడ పెట్టి, నీళ్ళు పోసి, గోడ తీసేయ్. అమ్మ ఇల్లు తుడవకముందే చెయ్యి. ఏం జరిగిందో నాకు ఉత్తరం రాయి. ఇంకోటి, హోషంగ్ షా కొట్టింది ఉత్త కట్టని, దానికే మూడు నెలలు పట్టిందంటారు. నువ్వేమో ఏకంగా కొండనే తవ్వాలంటున్నావు. వేసవి సెలవులు సరిపోవు.